స్వతంత్ర హిప్‌హాప్ కళాకారుల సంఘం: వార్షిక కార్యకలాపాల నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సమావేశాల్లో ఎక్కువ సమయం పాట బయటికి వెళ్లేముందు చేయాల్సిన పనులకే పట్టింది. సభ్యుల పాటలు బాగుంటున్నాయి. విడుదలయ్యాక మాత్రం కొన్నిటిని తీసేస్తున్నారు, కొన్నిటి డబ్బు వేరేవాళ్ల ఖాతాలో పడుతోంది. ఒక్కో పాట కాగితాలు విప్పి చూస్తే చిక్కు చాలాసార్లు బీటు (పాట కింద మోగే వాద్య సంగీతం) దగ్గరే దొరికింది.

లీజుకు కొన్న, అంటే వాడుకునే అనుమతి మాత్రమే తీసుకున్న బీటు మన ఒక్కరిదే కాదు. అదే బీటు మీద ఇంకో ఊళ్లో ఇంకొకరు పాడి, తమ పాటను యూట్యూబ్ కంటెంట్ ఐడీలో (వీడియోల్లోని పాటను పోల్చి హక్కుదారును గుర్తించే వ్యవస్థ) నమోదు చేస్తే మన వీడియో మీద క్లెయిమ్, అంటే అది తమదన్న దావా పడుతుంది. ఒకే బీటును పలువురికి ఇచ్చే నాన్ ఎక్స్‌క్లూజివ్ లైసెన్సులు చాలావరకు ఆ నమోదును నిషేధిస్తాయి. కాబట్టి డిస్ట్రిబ్యూటర్ (మన పాటను స్పాటిఫై లాంటి యాప్‌లకు చేర్చే సంస్థ) ఫారంలో కంటెంట్ ఐడీ గడికి టిక్కు పెట్టకండి. క్లెయిమ్ వస్తే లైసెన్సు వివరాలతో డిస్ప్యూట్ (అభ్యంతరం) వేయండి, అవతలివాళ్లు 30 రోజుల్లో బదులివ్వాలి. యూపీఐ స్క్రీన్‌షాట్ ఒక్కటే ఉంటే సరిపోదు. డబ్బు కట్టినట్టు అది చూపిస్తుంది గానీ ఏ హక్కు కొన్నారో చెప్పదు. లైసెన్సు పీడీఎఫ్, రసీదు, బీటు వేవ్ ఫైలు మూడూ పాట ఫోల్డర్లోనే ఉండాలి.

రెండో కాగితం స్ప్లిట్ షీట్, అంటే వాటాల పత్రం. సాహిత్యం ఎవరిది, బీటు ఎవరిది, హుక్ (మళ్లీమళ్లీ వచ్చే పల్లవి) కట్టింది ఎవరు, ఎవరికెంత శాతం అన్నది రికార్డింగ్ రోజే రాసి సంతకాలు పెట్టాలి. మొత్తం 100 రావాలి. వ్యూస్ పెరిగాక కూర్చుంటే స్నేహాలు చెడతాయి. డిస్ట్రిబ్యూటర్ ఇచ్చేది రికార్డింగ్ డబ్బు. రచయితకు, స్వరకర్తకు రావాల్సిన రాయల్టీ వేరే దారిలో వస్తుంది. దానికి ఐపీఆర్‌ఎస్‌లో (రచయితల, స్వరకర్తల రాయల్టీ వసూలు చేసే సంఘం) సభ్యత్వం తీసుకుని పాటను నమోదు చేయాలి. 2012 కాపీరైట్ సవరణ ఈ వాటాను రచయితకు గట్టిగా కట్టబెట్టింది, మనవాళ్లు అడగకపోవడమే లోటు.

పేర్ల విషయంలో మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఒక ఇబ్బంది ఉంది. పాన్ కార్డులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, బ్యాంకులో పొడి అక్షరమే ఉంటుంది, పాట వివరాల్లో స్టేజి పేరు ఉంటుంది. రచయిత గడిలో పొడి అక్షరాలు, స్టేజి పేర్లు రాస్తే ఫారం వెనక్కి వస్తుంది. అక్కడ పాన్‌లో ఉన్నట్టే పూర్తి పేరు రాయండి. స్టేజి పేరు ఇంగ్లిష్ స్పెల్లింగ్ ఒక్క అక్షరం మారినా కొత్త ఆర్టిస్ట్ పేజీ పుట్టి శ్రోతలు రెండుగా చీలిపోతారు.

రికార్డింగ్ శిక్షణలో అందరికీ పనికొచ్చిన సంగతి ఒత్తుల గురించి. ప్రతి లైనుకూ డబుల్ టేక్ (అదే లైను మళ్లీ పాడి మొదటి దానిమీద కలపడం) వేస్తే ‘దెబ్బ’, ‘పట్టు’ లాంటి మాటల్లో ద్విత్వం రెండుసార్లు తగిలి మాట పలచబడుతుంది. అంత్యప్రాస పడే మాటకే డబుల్ వేయండి. ఆ టేకులో హల్లును కత్తిరించి అచ్చు సాగే భాగాన్ని మాత్రమే ఉంచండి. మైకుకు జానెడు దూరంలో, కొంచెం పక్కకు తిరిగి పాడితే ప, బ, భ గాలి కొట్టవు. గోడలకు బొంతలు కట్టండి, ఫ్యాన్ ఆపండి. గొంతు అత్యధిక స్థాయి మైనస్ 12 నుంచి మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఉంటే చాలు. మాస్టర్‌ను (విడుదలకు సిద్ధమైన చివరి ఫైలు) శబ్దం పెంచి ఎంత బిగించినా స్పాటిఫై దాదాపు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కు (వినిపించే బిగ్గరతనం కొలత) దించేస్తుంది, పోయేది డ్రమ్ము దెబ్బలో ఊపే.

వీడియోల్లో ఎక్కువగా కనిపించిన లోపం రాత్రి షూటింగ్‌లో లైట్ల మినుకు. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 సెకను పెట్టండి. ఫోన్లో ఆటో ఫ్రేమ్ రేటు వదిలేస్తే పాట చివరికి పెదవుల కదలిక పాటతో తప్పుతుంది. స్లో మోషన్లోనూ పెదవులు కలవాలంటే 50 ఫ్రేముల్లో తీస్తూ పాటను రెట్టింపు వేగంతో మోగించాలి, తర్వాత ఎడిటింగ్‌లో దాన్ని 25 ఫ్రేములకు నెమ్మదించాలి. 90 బీపీఎం (నిమిషానికి 90 తాళపు దెబ్బలు) పాటలో 16 బార్లు (ఒక్కో బారుకు నాలుగు దెబ్బలు) దాదాపు 43 సెకన్లు, రెట్టింపులో 21 సెకన్లలో పలకాలి. ముందురోజు సాధన లేకుండా అది రాదు.

విడుదల తేదీని నాలుగు వారాల ముందే ఖాయం చేయండి. స్పాటిఫైకి పాటను కనీసం 7 రోజుల ముందు పిచ్ చేస్తే (పరిశీలనకు పంపితే) అది మన ఫాలోవర్ల రిలీజ్ రాడార్‌లో (కొత్త పాటల జాబితా) పడుతుంది. కవర్ 3000 × 3000 పిక్సెల్స్, దానిమీద ఇన్‌స్టా ఐడీ, ఫోన్ నంబరు ఉండకూడదు. 12 నెలల్లో 1000 స్ట్రీములు దాటని పాటకు స్పాటిఫై రికార్డింగ్ రాయల్టీ ఇవ్వదు. అందుకే డిస్ట్రిబ్యూటర్‌ను మార్చేటప్పుడు పాత ఐఎస్‌ఆర్‌సీ కోడ్‌నే (ఒక్కో రికార్డింగ్‌కు ఇచ్చే గుర్తింపు సంఖ్య) వాడాలి, లేకపోతే లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. కొత్త కాపీ కనబడ్డాకే పాతది తీయించండి.

వచ్చే ఏడాది బీటు ఒప్పందం, స్ప్లిట్ షీట్ నమూనాలను తేలిక తెలుగులో తయారుచేయాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. సభ్యులు తమ దగ్గరున్న ఒప్పందాల నకళ్లను సర్వసభ్య సమావేశానికి తీసుకురావాలని మనవి.

ఇట్లు,
కార్యవర్గం