నిధుల లెక్కకు కాస్త చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

మీ జిల్లా పేజీలు రోజూ చదువుతాను. ఎవరు ఏ పార్టీలో చేరారు, శంకుస్థాపనకు ఎవరొచ్చారు, ప్రోటోకాల్ పాటించలేదని ఎవరు అలిగారు, అన్నీ ఉంటాయి. ఆ పనికి మంజూరైంది ఎంత, విడుదలైంది ఎంత, ఖర్చయింది ఎంత అన్నది మాత్రం ఎప్పుడో గానీ కనిపించదు. శిలాఫలకం మీదా అంతే. పదవుల వరస తప్పకుండా పేర్లన్నీ చెక్కిస్తారు, రూపాయల అంకె ఉండదు.

ఈ విషయంలో ఉగాండా అనుభవం మీ దృష్టికి తేవాలనిపించింది. 1990ల మొదట్లో అక్కడి ప్రభుత్వం ప్రాథమిక పాఠశాలలకు విద్యార్థికి ఇంత చొప్పున గ్రాంటు ఇచ్చేది. కాగితాల మీద అంతా సవ్యంగానే ఉంది. 1996లో పరిశోధకులు దాదాపు 250 బడుల లెక్కలు తీశారు. 1991-95 మధ్య పైనుంచి వచ్చిన గ్రాంటులో బడికి చేరింది సగటున 13 శాతం! చాలా బడులకు పైసా కూడా అందలేదు. మిగతాదంతా దారిలోనే, జిల్లా స్థాయి అధికారులు, నాయకుల దగ్గరే ఆగిపోయింది. ఆ తర్వాత ప్రభుత్వం ఏ జిల్లాకు ఏ నెల ఎంత పంపిందో పత్రికల్లో వేయించడం మొదలుపెట్టింది. తమకు అందిన మొత్తాన్ని నోటీసు రాసి అంటించమని బడులకూ చెప్పింది. 2001 నాటికి 80 శాతానికి పైగా బడికి చేరసాగింది.

ఇదంతా పత్రికల గొప్పేనని అనను. మధ్యలో 1997లో ఉచిత ప్రాథమిక విద్య వచ్చింది, ఇతర సంస్కరణలూ జరిగాయి. ఈ మార్పులో పత్రికల పాత్ర ఎంతన్న దానిపై పరిశోధకుల మధ్య వాదన ఉంది. కానీ హెడ్‌మాస్టరు చేతికి ఒక అంకె దొరికితే ఆయన అడిగే తీరే మారిపోతుంది. ‘డబ్బులేమైనా వచ్చాయా సార్’ అని అడగడం వేరు, ‘మన జిల్లాకు ఇంత వచ్చిందట, మా వాటా ఏదీ’ అని అడగడం వేరు.

బొలీవియాలో 1994లో చట్టం తెచ్చి జాతీయ పన్నుల ఆదాయంలో 20 శాతాన్ని జనాభా ప్రకారం మునిసిపాలిటీలకు పంచారు. అంతకుముందు మునిసిపాలిటీలకు ఇచ్చే డబ్బులో పెద్ద భాగం మూడు నగరాలకే పోయేది. ఖర్చు మీద కన్నేసి ఉంచడానికి స్థానిక సంఘాలవాళ్లతో కమిటీలూ వేశారు. నిర్ణయం కిందికి దిగాక చిన్న ఊళ్లలో డబ్బు బడులకు, నీళ్లకు, మురుగు పారుదలకు మళ్లింది.

మన దగ్గర పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. పంచాయతీలకు అప్పగించదగ్గ 29 అంశాలు 11వ షెడ్యూలులో ఉన్నాయి. అయితే వాటిలో ఏ అధికారం ఎంతవరకు పంచాయతీలకు ఇవ్వాలో 243జి అధికరణం రాష్ట్ర శాసనసభకే వదిలేసింది. పంచాయతీలకు 15వ ఆర్థిక సంఘం గ్రాంట్లు చూసినా, 2021-26 కాలానికి 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యం వంటి పనులకే కట్టేశారు. అవి అవసరమే, కాదనను. ఊరు సొంతంగా ఆలోచించుకోవడానికి మిగిలింది మాత్రం 40 శాతం. అదీ సకాలంలో రాకపోతే, గెలిచిన ప్రతినిధి ఊరి పని వదిలేసి పైవాళ్ల చుట్టూ తిరగాల్సిందే. ‘అభివృద్ధి కోసమే పార్టీ మారాను’ అనే మాట పుట్టేది ఇక్కడే. అందులో నిజమెంతో తేల్చుకోవడానికి ఓటరు దగ్గర ఏ ఆధారమూ లేదు. జనాభా లెక్కన రావాల్సిన డబ్బు ఆగిందా, ఆగితే ఎక్కడ, ఎన్ని నెలలు? ఈ మూడూ అచ్చులో కనిపిస్తే ఆ మాట అంత తేలిగ్గా అనలేరు.

లెక్కలు ఇంటర్నెట్‌లో ఉన్నాయి కదా అనొచ్చు. ఉన్నాయి. పంచాయతీల లెక్కలు పెట్టే ఈ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్ 2020లోనే వచ్చింది. సమాచారాన్ని ఎవరూ అడగకముందే బయటపెట్టాలని 2005 నాటి సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ కూడా చెబుతోంది. కానీ పనిగట్టుకుని పోర్టల్ తెరిచి, పథకం పథకానికీ వెతికి, నిరుటి లెక్కతో పోల్చి చూసే ఓపిక ఎంతమందికి ఉంటుంది? అదే లెక్క పేపర్లో పడితే పక్క ఊరికి ఎంత వచ్చిందో కూడా అందరూ చూస్తారు. నిజం చెప్పాలంటే ముందు చూసేది పక్క ఊరిదే.

నెలకోసారి మండలాల వారీగా మంజూరు, విడుదల, ఖర్చు అని మూడు గడులతో ఒక పట్టిక వేయండి. వ్యాఖ్యలు అక్కర్లేదు. మొదట్లో తప్పులు దొర్లుతాయి, అధికారులు ఖండనలు పంపుతారు. ఆ ఖండనలూ వేయండి, అసలు సమాచారం అందులోనే ఎక్కువ దొరకొచ్చు. చోటు లేదంటారేమో, శంకుస్థాపన ఫొటోలు రెండు తగ్గిస్తే సరిపోతుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు