ఆ నాలుగెకరాలు లెక్కల పీరియడ్‌లోకి రావాలి

సంపాదకుడు గారికి,

సర్కారు బడుల్లో లెక్కలు చెప్పి రిటైరైన వాడిని. ఊరి భూముల, చెరువుల కొలతలూ తగాదాలూ బడి పాఠాల్లోకి రావాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. మొన్న నా దగ్గర చదువుకున్న పిలగాడొకడు చెలక కొనబోతూ కొలతల కాగితం పట్టుకొచ్చాడు. ‘సార్, ఇది సరిగ్గ ఉన్నదా?’ అని. (సులువుగా అర్థమయ్యేందుకు అంకెలు మార్చి చెబుతున్నాను.) నాలుగు పక్కలా 330 అడుగులు. అమ్మేవాళ్లు ఊళ్లో అలవాటైన లెక్కే వేశారు: ఎదురెదురు పక్కలు కలిపి సగం చేసి, రెంటినీ గుణించడం. 33 అడుగుల చదరం ఒక గుంట కనుక వంద గుంటలు, ఎకరానికి నలభై గుంటల చొప్పున రెండెకరాల ఇరవై గుంటలు. ఒక మూల నుంచి ఎదురు మూలకు టేపు పట్టి రమ్మన్నాను. అదీ 330 అడుగులే వచ్చింది! అంటే అది చదరం కాదు, రెండు సమబాహు త్రిభుజాలు. అక్కడున్నది 86.6 గుంటలు. లేని పదమూడు గుంటలకు డబ్బు కట్టబోయాడు. మూలలు లంబకోణానికి లేనప్పుడు ఆ పాత లెక్క ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది, తక్కువ చూపదు.

చతుర్భుజ వైశాల్యం వాడికి చెప్పింది నేనే. సగం కర్ణాన్ని, మిగతా రెండు మూలల నుంచి దాని మీదికి గీసిన లంబాల మొత్తంతో గుణించాలి. సర్వేయర్ గీసే టిప్పన్‌లో (పొలం కొలతల పటంలో) ఉండేదీ అదేనని మాత్రం ఏనాడూ చెప్పలేదు.

పాలకుర్తిలో చాకలి ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి నిలబెట్టుకున్నది నాలుగెకరాలు. సాంఘికశాస్త్రంలో ఒక పేరా చదివి పేజీ తిప్పేస్తాం. నాలుగెకరాలంటే 160 గుంటలు, చతురస్రంగా పరిస్తే పక్క 417 అడుగులు. అంత మైదానం మన బళ్లలో ఎక్కడుంది గానీ, కనీసం ఎకరం, 209 అడుగుల చొప్పున తాడు పట్టి చుట్టూ నడిపించండి. ఇంత నేల కోసమా ఐలమ్మ దొర గడీతో తలపడిందని పిల్లలే అడుగుతారు. పంటెంత, కౌలెంత, చేతికి మిగిలేదెంత అని శాతాల పాఠం అక్కడే మొదలుపెట్టొచ్చు.

సైన్సుకైతే చెరువులున్నాయి. కాకతీయుల నాటి పాకాల, రామప్ప దగ్గర్నుంచి ఊరి కుంట దాకా తగాదా ఒక్కటే, శిఖం భూమి, అంటే చెరువు నిండితే మునిగే నేల, ఎక్కడిదాకా అని. మేస్త్రీ వాడే నీళ్ల పైపు ఒక కొస మత్తడి (నిండిన నీళ్లు పొర్లే అలుగు) మట్టానికి పెట్టి రెండో కొస పట్టుకుని నడిస్తే చెరువు హద్దు ఏడో తరగతి పిల్లలే సుమారుగా పట్టేస్తారు. గోదావరి మీద మహారాష్ట్ర కట్టిన బాబ్లీ బ్యారేజీ వివాదంలో 2013లో సుప్రీంకోర్టు తీర్పులో వినబడ్డ 2.74 టీఎంసీలు ఎంత నీళ్లు? టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, అడుగు లోతున దాదాపు 23 వేల ఎకరాలు. మిగతాది పిల్లలే గుణిస్తారు.

ఊళ్లో తగాదాలు బడికి తెస్తే గొడవలవుతాయని తోటి ఉపాధ్యాయులు భయపడతారు. నిజమే, ఇప్పుడు కోర్టులో నలుగుతున్న పక్కింటి గెట్టు పంచాయితీ వద్దు. డెబ్బై ఎనభై ఏళ్ల కిందటివి బోలెడున్నాయి.

కొత్త పుస్తకాలు రాసేటప్పుడు పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎస్‌సీఈఆర్‌టీ వారు హెక్టార్ల పక్కన గుంటకూ గజానికీ చోటివ్వాలి, పహాణీ (భూమి, పంట వివరాల రికార్డు) నకలు ఒకటి అచ్చువేయాలి. బడికయ్యే ఖర్చంటారా, ఒక టేపు, తాడు, నాలుగు కట్టెలు, ఇరవై మీటర్ల పైపు.

– ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు, హనుమకొండ