ఆస్ట్రోశాట్ తర్వాత హార్డ్ ఎక్స్‌రే అద్దాలు కావాలి

సంపాదకుడు గారికి,

2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి వెళ్లిన మన ఖగోళ పరిశోధన ఉపగ్రహం ఆస్ట్రోశాట్ అనుకున్న ఐదేళ్లకు మించి పనిచేసింది. దాని తర్వాత ఏమిటంటే చాలామంది 2024 జనవరి 1న ప్రయోగించిన ఎక్స్‌పోశాట్ పేరు చెబుతున్నారు. అది మంచి ఉపగ్రహమే, కానీ దాని పని ప్రకాశవంతమైన మూలాల ఎక్స్‌రే ధ్రువణాన్ని (తరంగాలు కంపించే దిశను) కొలవడం. దట్టమైన వాయువు చాటున దాగిన గెలాక్సీ కేంద్రాలు దానికి అందవు. వాటిని చూడాలంటే హార్డ్ ఎక్స్‌రేలను, అంటే సుమారు 10 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్‌లకు (ఎక్స్‌రేల శక్తి కొలమానం) పైబడిన వాటిని, కేంద్రీకరించే అద్దాల దూరదర్శిని కావాలి.

సర్సినస్, ఎన్‌జీసీ 1068 లాంటి గెలాక్సీల్లో కేంద్ర కృష్ణబిలానికీ మనకూ మధ్య చదరపు సెంటీమీటరుకు 1.5×10²⁴కి పైగా హైడ్రోజన్ పరమాణువులు అడ్డుంటాయి. 10 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్‌ల లోపు ఎక్స్‌రేలు నేరుగా రాలేవు. చుట్టూ ఉన్న వాయువుకు తగిలి చెదిరిన కాంతే మనకు చేరుతుంది. అందులోని రంగుల పటంలో 6.4 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్‌ల దగ్గర ఇనుము వెలువరించే గీత, 20 నుంచి 30 మధ్య ఒక ఉబ్బు కనిపిస్తాయి. ఈ ఉబ్బును కొలవకుండా 10 లోపు డేటాతోనే లెక్క కడితే కృష్ణబిలం అసలు శక్తి చాలా తక్కువగా తేలుతుంది. 2014 ఆగస్టులో ఎన్‌జీసీ 1068లో మేఘాలు కాసేపు పలచబడినప్పుడు 20కి పైన మాత్రమే కాంతి పెరిగింది. నాసా హార్డ్ ఎక్స్‌రే దూరదర్శిని నూస్టార్ చూస్తుండబట్టే అది తెలిసింది.

ఆస్ట్రోశాట్‌లోని ఎక్స్‌రే లెక్కింపు పరికరం లాక్స్‌పీసీ 80 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్‌ల దాకా కొలిచేలా కట్టినదే. అయితే దానికి అద్దాలు లేవు, చిత్రం తీసే శక్తి లేదు. దాదాపు ఒక డిగ్రీ మేర ఆకాశం నుంచి వచ్చిందంతా ఒకే లెక్కలో కలిసిపోతుంది. ఎం82 గెలాక్సీ వైపు తిప్పితే 37 ఆర్క్‌నిమిషాల (ఆర్క్‌నిమిషం అంటే డిగ్రీలో 60వ వంతు) దూరంలోని ఎం81 గెలాక్సీ కేంద్రం కూడా కొంత కలుస్తుంది. పైగా మూడు యూనిట్లలో ఒకటి వాయువు లీకై 2018లో ఆగిపోయింది, మరొకదాని గెయిన్ (సంకేతాన్ని పెంచే స్థాయి) గాడి తప్పింది.

అదే ఎం82లో 2014లో నూస్టార్ 1.37 సెకన్ల స్పందనలు పట్టింది. కృష్ణబిలం అనుకుంటున్న అతి ప్రకాశవంతమైన మూలం న్యూట్రాన్ తార అని తేలింది. దాని కాంతి ఎడింగ్టన్ పరిమితికి (కాంతి ఒత్తిడి లోపలికి పడే వాయువును ఆపేసే హద్దుకు) సుమారు 100 రెట్లు! అది రెండున్నర రోజులకోసారి జంట తార చుట్టూ తిరుగుతుంది కాబట్టి ఆ కదలికను సవరించకపోతే స్పందనలు చెరిగిపోతాయి. దాని పక్కనే 5 ఆర్క్‌సెకన్ల (ఆర్క్‌నిమిషంలో 60వ వంతు ఒక ఆర్క్‌సెకను) దూరంలో ఉన్న మరో మూలాన్ని నూస్టార్ విడదీయలేకపోయింది. అందుకు నాసా ‘చంద్ర’ ఎక్స్‌రే దూరదర్శిని చిత్రాలు కావలసి వచ్చాయి.

ఇలాంటి దూరదర్శినికి పెద్ద రాకెట్ అక్కర్లేదు. నూస్టార్ బరువు సుమారు 350 కిలోలే. కక్ష్యలోకి వెళ్లాక అద్దాలకూ డిటెక్టర్లకూ మధ్య 10 మీటర్ల స్తంభం విప్పుకుంది. ఎండా నీడా మారినప్పుడల్లా ఆ స్తంభం కొద్దిగా వంగుతుంది కనుక లేజర్లతో కొలిచి ప్రతి ఫోటాన్ స్థానాన్నీ సరిచేయాలి. అసలు కష్టం అద్దాలది. నూస్టార్‌లోని ఒక్కో అద్దాల మాడ్యూల్‌లో 133 గాజు పొరల గూళ్లు, వాటిపై ప్లాటినం–కార్బన్, టంగ్‌స్టన్–సిలికాన్ జంటల నానోమీటరు పూతలు. ప్లాటినం తానే ఎక్స్‌రేలను బాగా శోషించడం మొదలుపెట్టేది 78.4 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్‌ల దగ్గర. నూస్టార్ పరిధి 79 దగ్గర ఆగడానికి కారణం అదే.

ఆస్ట్రోశాట్ సాఫ్ట్ ఎక్స్‌రే దూరదర్శినికి బంగారు పూత రేకుల అద్దాలు ముంబై టాటా పరిశోధన సంస్థే చేసింది. అంటే పునాది మన దగ్గరుంది. ఉపగ్రహానికి ఆమోదం వచ్చేదాకా ఆగకుండా, బహుళ పొరల పూతకూ దాని పరీక్షలకూ ఇస్రో ఇప్పుడే విడిగా నిధులివ్వాలి.

– ఎక్స్‌రే ఖగోళశాస్త్ర పరిశోధకుడు, హైదరాబాద్