సెషన్ ఎందుకు పోతుందో రాసిపెట్టండి

సంపాదకులకు నమస్కారం.

ఆన్‌లైన్ దరఖాస్తు సగం నింపాక ‘సెషన్ ఎక్స్‌పైర్డ్’ అని వస్తే, నెట్ బాగోలేదనుకుని మళ్లీ మొదటినుంచి నింపుతాం. చాలాసార్లు తప్పు నెట్‌ది కాదు. లాగిన్ అయినవారి వివరాలను (వీటినే సెషన్ అంటారు) సర్వర్‌లో దాచి, అడిగినప్పుడు తెచ్చిచ్చే కోడ్ ఎలా నడుచుకోవాలో ఎవరూ రాసిపెట్టరు. తిప్పలన్నీ అక్కడ మొదలవుతాయి.

వెబ్‌సైట్లు రాసే భాష పీహెచ్‌పీనే తీసుకుందాం. సెషన్లను దాచే కోడ్‌లో ఏ ఫంక్షన్లు ఉండాలో చెప్పే సెషన్‌హ్యాండ్లర్‌ఇంటర్‌ఫేస్ 5.4 వెర్షన్ నుంచి అందులో ఉంది. ఓపెన్, క్లోజ్, రీడ్, రైట్, డిస్ట్రాయ్, జీసీ (గడువు దాటినవాటిని ఊడ్చేది) అని ఆరు ఫంక్షన్లు. ప్రాజెక్టు డాక్యుమెంట్లలో తరచూ ఈ ఆరు పేర్లూ, పక్కన ‘రీడ్: సెషన్ డేటాను చదువుతుంది’ లాంటి ఒక్కో వాక్యమూ ఉంటాయి. అది పేరు చూస్తేనే తెలుస్తుంది కదా! రాయాల్సింది వేరు. అడిగిన సెషన్ ఐడీతో డేటా లేకపోతే రీడ్ ఖాళీ స్ట్రింగ్ (అక్షరాలేమీ లేని జవాబు) ఇవ్వాలి. డేటాబేసే అందకపోతే ఫాల్స్ (చదవలేకపోయానన్న జవాబు) ఇవ్వాలి. ఈ తేడా రాసి లేకపోతే రెండింటికీ ఖాళీ స్ట్రింగే ఇచ్చేస్తారు. అప్పుడు డేటాబేస్ రెండు సెకన్లు తడబడినా చాలు, లాగిన్ అయి ఉన్న మనిషి సర్వర్‌కు కొత్తవారిలా కనిపిస్తారు. పేజీ పూర్తయ్యేలోగా డేటాబేస్ కోలుకుంటే రైట్ వచ్చి పాత సెషన్ మీద కొత్తదాన్ని రాసేస్తుంది. నింపినదంతా పోతుంది, లాగ్‌లో ఒక్క ఎర్రర్ కూడా మిగలదు. ఫాల్స్ ఇచ్చి ఉంటే సెషన్ మొదలవకుండా హెచ్చరిక వచ్చేది, పాత డేటా పదిలంగా ఉండేది.

తెలుగులో నింపే ఫారాలకు ఇంకో చిక్కు ఉంది. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో మన ప్రతి అక్షర సంకేతానికీ 3 బైట్లు. ‘తెలుగు’ అనే మాటలో గుణింతపు గుర్తులతో కలిపి 6 సంకేతాలు, అంటే 18 బైట్లు. పీహెచ్‌పీ ఆ మాటను దాచేటప్పుడు ముందు 18 అని పొడవు రాసుకుంటుంది. డేటాబేస్ టేబుల్ కాలమ్ తెలుగు అక్షరాలు లేని లాటిన్-1 పద్ధతిలో ఉండి అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలైతే అక్కడ మిగిలేవి 6 బైట్లే. లెక్క కుదరక సెషన్ మొత్తం చెల్లకుండా పోతుంది. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో టెక్స్ట్ రకం కాలమ్‌లో పట్టేది 65,535 బైట్లే. పట్టనిదాన్ని తిప్పికొట్టే స్ట్రిక్ట్ మోడ్ లేకపోతే మిగతాది తెగిపోతుంది, ఫలితం అదే. కాలమ్ బైట్లను ఉన్నవి ఉన్నట్టే దాచే మీడియంబ్లాబ్ రకం అయి ఉండాలని, గరిష్ఠ పరిమాణం ఇంత అని డాక్యుమెంట్‌లో కచ్చితంగా ఉండాలి.

గడువు సంగతి కూడా అంతే. డిఫాల్ట్ 1440 సెకన్లు, అంటే 24 నిమిషాలు. కానీ పాతవి ఊడ్చే జీసీ ప్రతిసారీ నడవదు, డిఫాల్ట్ సెట్టింగ్‌లో 100కు 1 వంతు అవకాశమే. అందుకే అరగంట ఆగి వచ్చిన ఒకరి సెషన్ ఉంటుంది, మరొకరిది పోతుంది. టెస్టింగ్‌లో ఎంత వెతికినా దొరకదు. డెబియన్ (ఒక లినక్స్ రకం) సర్వర్లలో ఈ అవకాశాన్ని సున్నా చేసి, సెషన్ ఫైళ్లను మాత్రం నిర్ణీత వేళకు పనులు నడిపే క్రాన్‌తో శుభ్రం చేస్తారు. సెషన్లు డేటాబేస్‌లో ఉంటే వాటిని ఊడ్చేవారే ఉండరు. గడువు చూసే పని రీడ్‌దా, జీసీదా? లెక్క లాగిన్ నుంచా, చివరి క్లిక్ నుంచా? రెండూ రాయాలి.

ఒకే మనిషి రెండు ట్యాబ్‌లు తెరిస్తే ఏమవుతుందో కూడా రాయాలి. ఫైళ్లలో దాచే డిఫాల్ట్ హ్యాండ్లర్ తనే లాక్ వేసి రెండో ట్యాబ్‌ను ఆపి ఉంచుతుంది. సెషన్లను రెడిస్ అనే డేటాబేస్‌లో దాచే పీహెచ్‌పీ-రెడిస్ ఎక్స్‌టెన్షన్‌లో లాకింగ్ డిఫాల్ట్‌గా ఆఫ్. అది తెలియక ఫైళ్ల నుంచి దీనికి మారిస్తే ఒక ట్యాబ్ రాసినదాన్ని మరొకటి చెరిపేస్తుంది.

వెబ్‌సైట్లు కట్టించుకునే కార్యాలయాలు, సంస్థలు ఈ జవాబులను టెండరు పత్రంలోనే అడగాలి. అప్పగింత రోజున లాగిన్ అయి, డేటాబేస్ ఆపి ఒక పేజీ తెరవాలి. ఆ పేజీ పూర్తయ్యేలోగా డేటాబేస్‌ను మళ్లీ నడిపించి, పాత లాగిన్ నిలిచిందో లేదో చూశాకే సంతకం పెట్టాలి.

– కొందరు సర్వర్ ప్రోగ్రామర్లు, హైదరాబాద్