ఆదివారం చర్చకు ముందు: ‘అదృష్టవంతుడు పెర్’ గురించి

సభ్యులందరికీ నమస్కారం. ఈ ఆదివారం మనం మాట్లాడుకోబోయే చిత్రం బిల్లే ఆగస్ట్ దర్శకత్వంలో 2018లో వచ్చింది. దీనికి మూలం హెన్రిక్ పాంటోపిడాన్ 1898 నుంచి 1904 వరకు భాగాలుగా ప్రచురించిన డేనిష్ నవల. ఆయనకు 1917లో నోబెల్ బహుమతి మరొక డేనిష్ రచయితతో కలిపి లభించింది.

డెన్మార్క్‌లోని జట్లాండ్ ప్రాంతంలో కఠిన నియమాలు గల మతాచార్యుని కొడుకైన పెర్ సిదేనియుస్, ఇంటితో తెగతెంపులు చేసుకుని ఇంజనీరింగ్ చదవడానికి కోపెన్‌హేగన్ చేరి, కాలువలను తవ్వి, గాలి నుంచి, కెరటాల నుంచి శక్తిని రాబట్టాలనే బృహత్ పథకాన్ని రచిస్తాడు. సంపన్న యూదు కుటుంబమైన సాలమన్‌ల ఆదరణ, వారి పెద్దమ్మాయి యాకోబె ప్రేమ అతనికి దొరుకుతాయి. అయినా, పథకానికి అనుమతి ఇవ్వవలసిన అధికారికి ఒక్క క్షమాపణ చెప్పలేక చేతికందిన అవకాశాన్ని జారవిడుచుకుంటాడు. తండ్రి దగ్గర నేర్చిన మొండితనమే తండ్రిని కాదన్న కొడుకును వెంటాడడం ఈ కథలోని అసలు విషాదమని నా అభిప్రాయం.

నిడివి రెండున్నర గంటలకు పైనే కనుక తీరిక చూసుకుని కూర్చోండి. నవలలోని తాత్విక మథనం తెరపై కొంత పలుచబడింది. ఆ లోటును యాకోబెగా కాత్రీన్ గ్రైస్-రోసెంథాల్ నటన చాలావరకు పూడ్చింది. మొదట్లో తండ్రి ఇవ్వబోయిన గడియారాన్ని పెర్ నిరాకరించే సన్నివేశాన్ని దయచేసి శ్రద్ధగా గమనించండి. మన చర్చను అక్కడి నుంచే మొదలుపెడదాం.