దోర్దోన్ ట్రిప్‌కి ఇక మకాం సార్లాలోనే

వచ్చే వేసవికి మా దగ్గర ఫ్రాన్స్ ట్రిప్ అడిగిన కుటుంబాలన్నిటికీ ఈ కబురు. పారిస్ గురించి కాదు, పారిస్ అయ్యాక ఓ వారం పల్లెటూళ్లలో గడపాలని అడిగారు కదా, దాని గురించి. ఇన్నాళ్లూ రెండు రాత్రులు ఒక ఊళ్లో, రెండు రాత్రులు ఇంకో ఊళ్లో ఉండేలా కూడా ప్లాన్ వేసి ఇచ్చేవాళ్లం. ఇక ఇవ్వం. నైరుతి ఫ్రాన్స్‌లో దోర్దోన్ నది వైపు వెళ్లేవాళ్లకి ఒకటే మకాం, కనీసం ఐదు రాత్రులు, వీలైతే ఏడు. ఆ ఊరు సార్లా.

మాకొచ్చే బుకింగ్స్ చాలావరకు ఒకే తరహావి. పిల్లలు లండన్‌లోనో జర్మనీలోనో ఉద్యోగం చేస్తుంటారు, ఇక్కడి నుంచి అమ్మానాన్నల్ని పిలిపించుకుని అందరూ కలిసి తిరుగుతారు. అలాంటి ట్రిప్‌లో ఊరు మారడమంటే సగం రోజు పోయినట్టే. పొద్దున పదింటికి ఇల్లు ఖాళీ చేయాలి, కొత్త ఇంటి తాళాలు సాయంత్రం నాలుగు దాటితే గానీ చేతికి రావు. మధ్యలో సూట్‌కేసులన్నీ కార్లో, పెద్దవాళ్ల బీపీ మాత్రలు ఏ బ్యాగులో పెట్టామో ఎవరికీ గుర్తుండదు. డబ్బు పెట్టి అంత దూరం తీసుకెళ్లింది ఆ టెన్షన్ కోసం కాదు.

మీలో చాలామంది మాకు పంపే ఫోటో లా రోక్ గజాక్ ఊరిది. ఒకవైపు నది, ఇంకోవైపు నిటారు కొండ, మధ్యలో వరసగా ఇళ్లు. అక్కడే ఉంటామని అడుగుతారు. చూడాల్సిన ఊరే, అనుమానం లేదు. కానీ నదికీ కొండకీ మధ్య ఉన్నది ఒక్కటే రోడ్డు, వేసవిలో ఆ రోడ్డంతా కార్లు. రాత్రి తొమ్మిదింటికి పాల ప్యాకెట్ కావాలన్నా, మందుల షాపు కావాలన్నా మళ్లీ కారు తీయాల్సిందే. అక్కడ గంటసేపు గబార్ అనే పాతకాలం చెక్క పడవ ఎక్కండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూడా హాయిగా కూర్చుని రెండు ఒడ్లూ చూడొచ్చు. రాత్రికి మాత్రం సార్లా వచ్చేయండి.

మకాంకి కొందరు అడిగే పెరిగో కూడా మంచి పట్నమే, ట్రైన్లు బాగుంటాయి, కానీ నది ఒడ్డున కోటలకి రోజూ గంటకు పైగా డ్రైవింగ్. బెర్జెరాక్‌కి ఇంగ్లండ్ నుంచి నేరుగా విమానాలుంటాయి కాబట్టి లండన్‌లో ఉన్నవాళ్లు అదే అడుగుతారు. అక్కడ దిగండి, కారు తీసుకోండి, బయల్దేరండి.

సార్లా నుంచి కోటలున్న బేనాక్, కాస్తెల్నో, పాత ఊళ్లు డోమ్, లా రోక్ గజాక్ అన్నీ పది పన్నెండు కిలోమీటర్ల దూరంలోనే. ఆదిమానవుల బొమ్మలకి పేరుపడ్డ లాస్కో గుహ ఉన్న మోంతిన్యాక్ 25 కిలోమీటర్లు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి, పెద్దవాళ్లు ఓ కునుకు తీసి, సాయంత్రం మళ్లీ బయటికి వెళ్లొచ్చు. మేం ఈ ఊరిని ఎంచుకోవడానికి అసలు కారణం అదే. పైగా ఊరు కూడా చూడదగ్గదే. 1962లో అప్పటి సంస్కృతి మంత్రి ఆంద్రే మాల్రో పాత ఊళ్లను కాపాడే చట్టం తెచ్చారు. దాని కింద మొదట్లోనే బాగుచేసిన ఊళ్లలో సార్లా ఒకటి. పసుపుపచ్చ సున్నపురాయి గోడలు, పైన రాతి పలకల కప్పులు, సన్నటి సందులు. బుధవారం, శనివారం సంత. శనివారమైతే పాత ఊరంతా సంతే: అక్రోట్లు, స్ట్రాబెర్రీలు, మేక పాల జున్ను, పుట్టగొడుగులు, వరసగా బాతు మాంసం డబ్బాలు. సంత మధ్యలో పాత సెయింట్ మేరీ చర్చి ఉంటుంది. దాన్ని ఆర్కిటెక్ట్ జాన్ నూవెల్ మార్కెట్‌గా మార్చి, ముందు ఆకాశమంత ఎత్తు ఇనుప తలుపులు పెట్టారు. ఆయన చిన్నప్పుడు పెరిగింది ఈ ఊళ్లోనే.

ఇల్లు పాత ఊరి నడిబొడ్డున మాత్రం చూడం. వేసవిలో ఆ వీధుల్లోకి కార్లు రానివ్వరు, రాళ్లు పరిచిన దారిలో సూట్‌కేసు చక్రాలు ఒక పట్టాన కదలవు. పది నిమిషాల నడక దూరంలో, సొంత పార్కింగ్, మెట్లు లేని పడకగది ఒకటైనా ఉన్న ఇల్లే చూస్తాం. ఇలా అద్దెకిచ్చే ఇళ్లను అక్కడ జీట్ అంటారు. వంటిల్లు ఉంటుంది. దుప్పట్లు, తువ్వాళ్లు, చివరి రోజు క్లీనింగ్ చాలాచోట్ల విడిగా లెక్క కడతారు. మనిషికి రాత్రికి ఇంత అని ఊరి పన్ను కూడా ఉంటుంది. కొటేషన్‌లో ఇవన్నీ మొదటే చూపిస్తాం.

తిండి సంగతి ఏమీ దాచకుండా చెప్పాలి. అది బాతు, హంసబాతు మాంసానికి పేరుపడ్డ ప్రాంతం. శాకాహారులకి రెస్టారెంట్లో రెండు మూడు ఐటమ్స్ కన్నా దొరకవు, అవి కూడా జాగ్రత్తగా అడిగి తీసుకోవాలి. ఆ ఊరి పేరుతోనే ఒక బంగాళదుంప వేపుడు ఉంది. గుండ్రంగా తరిగి, వెల్లుల్లి, కొత్తిమీరలా కనిపించే పార్స్లీ వేసి, అంచులు ఎర్రగా కరకరలాడేదాకా వేయిస్తారు. చూడగానే మన ఇంట్లో చేసినట్టే ఉంటుంది. వేయించేది బాతు కొవ్వులో. పక్క టేబుల్ మీద చూసి ముచ్చటపడి ఆర్డర్ చేసే ముందు ఈ మాట గుర్తుంచుకోండి. వెల్లుల్లి సూప్‌లోనూ చాలాసార్లు అదే కొవ్వు పడుతుంది. మాంసం, చేప, బాతు కొవ్వు ఏదీ తినమని ఫ్రెంచ్‌లో రాసిన చిన్న కార్డు మీ ఫైల్లో పెడతాం, వెయిటర్‌కి చూపిస్తే చాలు. వేడి జున్ను, అక్రోట్లు వేసిన సలాడ్ అడగండి, అది నిజంగా బాగుంటుంది. మధ్యాహ్నం రెండు దాటితే చాలా వంటిళ్లు కట్టేస్తారు, రాత్రి ఏడు, ఏడున్నరకి గానీ తెరవరు. అందుకే వంటిల్లున్న ఇల్లు. ఆవకాయ, కందిపొడి మీరు తెచ్చుకోండి, బియ్యం అక్కడి సూపర్ మార్కెట్లో దొరుకుతుంది. ఆదివారం మధ్యాహ్నం నుంచి షాపులు మూసేస్తారు, సోమవారం కూడా చాలావరకు అంతే. సరుకులు శనివారమే తెచ్చుకోండి.

గుహల గురించి అందరూ అడిగే ప్రశ్న: లాస్కో అసలుదేనా? కాదు. 1940లో బయటపడిన అసలు గుహలో జనం ఊపిరికి, తేమకి బొమ్మలు పాడవుతున్నాయని 1963లోనే మూసేశారు. మీరు చూసేది 2016లో తెరిచిన నకలు. చాలా శ్రద్ధగా చేశారు, పిల్లలకి బాగా నచ్చుతుంది. టైమ్ స్లాట్ ముందే బుక్ చేయాలి, అది మేం చూసుకుంటాం. వేల ఏళ్ల నాటి అసలు గీతల ముందు నిలబడాలనుకుంటే రూఫిన్యాక్ వెళ్లండి. చిన్న ఎలక్ట్రిక్ ట్రైన్‌లో కూర్చోబెట్టి లోపలికి తీసుకెళ్తారు. గోడల మీద, కప్పు మీద వెంట్రుకల ఏనుగులు, మామత్‌లు అన్నమాట. ఎక్కువ నడవలేని నాయనమ్మలకీ తాతయ్యలకీ నేను మొదట చెప్పేది ఈ గుహే. లోపల చలి ఉంటుంది, శాలువా తీసుకెళ్లండి.

ఇక కారు. సార్లాకి బోర్డో నుంచి ట్రైన్ ఉంది, మూడు గంటల లోపే. కానీ దిగాక చుట్టుపక్కల ఊళ్లకి బస్సులు అంతంత మాత్రమే. మీ ఇంట్లో కనీసం ఒకరు డ్రైవ్ చేయాలి, ఇద్దరైతే నిశ్చింత. మన లైసెన్స్‌తో వచ్చేవాళ్లు ఆర్టీఏలో ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకోవాలి. క్రెడిట్ కార్డు డ్రైవర్ పేరు మీదే ఉండాలి, డిపాజిట్ దాని మీదే పట్టి ఉంచుతారు. ఆటోమేటిక్ కార్లు తక్కువ, ఆలస్యం చేస్తే దొరకవు. ఏడు సీట్ల కారులో ఏడుగురూ ఎక్కితే సామానుకి చోటు ఉండదు, ఆరుగురు దాటితే రెండు కార్లు అనుకోండి. బోర్డు ఏదీ లేని కూడలిలో కుడి నుంచి వచ్చే బండికే దారి, పల్లె రోడ్ల మీద ఇది మరిచిపోకూడదు.

మన స్కూళ్ల సెలవులు మే నెలలో రావడం ఇక్కడ బాగా కలిసొచ్చింది. జూలై, ఆగస్టుల్లో అక్కడ జనం విపరీతం. ఇళ్లు కూడా చాలావరకు శనివారం నుంచి శనివారం దాకా, వారం లెక్కనే ఇస్తారు. మేలో వాతావరణం హాయిగా ఉంటుంది, రాత్రి తొమ్మిది దాకా వెలుతురు. ఒక్కటే చూసుకోవాలి: మే 1, మే 8 అక్కడ సెలవులు, చర్చి పండగల సెలవులు కూడా తరచూ ఆ నెలలోనే వస్తాయి. ఆ వారాంతాల్లో ఫ్రెంచ్ వాళ్లే ఊళ్లన్నీ నింపేస్తారు. మార్కెసాక్ తోటలో కొవ్వొత్తుల సాయంత్రాలు జూలై, ఆగస్టు గురువారాల్లో మాత్రమే, మేలో వెళ్లేవాళ్లకి అవి ఉండవు.

డ్రైవ్ చేసేవాళ్లు లేని కుటుంబాలకి సార్లా ఇవ్వం, ఎంత అడిగినా. వాళ్లకి అల్సాస్‌లో కోల్మార్ చూస్తున్నాం. స్ట్రాస్‌బుర్గ్ నుంచి ట్రైన్లో అరగంట, జర్మనీలో పిల్లలున్నవాళ్లకి దగ్గర కూడా. లేదంటే లువార్ నది మీద తూర్. షెనోన్సో కోట ముందే ట్రైన్ ఆగుతుంది, లియొనార్డో డావించీ చివరి రోజులు గడిపిన అంబ్వాజ్‌కి కూడా ట్రైన్ ఉంది.

మా ఫీజు మారలేదు. ఊళ్లు తగ్గినా పని తగ్గలేదు, ఒక్క ఇల్లు సరిగ్గా కుదర్చడానికి ఇంటి యజమానితో ఎన్నో ఉత్తరాలు నడపాలి. మూడు రాత్రులే కావాలన్నవాళ్లకి మాత్రం ఈ ప్రాంతం వద్దనే చెబుతున్నాం, కొందరు వేరే చోట చేయించుకుంటామన్నారు, సరే అన్నాం.

ఇప్పటికే పాత పద్ధతిలో ప్లాన్ తీసుకున్నవాళ్లు మార్చుకోవాలంటే అదనంగా ఏమీ తీసుకోం. మాకు కావాల్సినవి నాలుగే వివరాలు: ఎవరు డ్రైవ్ చేస్తారు, వాళ్ల లైసెన్స్ ఏ దేశానిది, మెట్లు ఎక్కలేనివాళ్లు ఎందరు, శాకాహారులు ఎందరు. ఇవి అందిన రోజు నుంచే ఇళ్లు చూడటం మొదలుపెడతాం. వీసా అప్లికేషన్‌లో బస వివరాలు చూపించాలి కాబట్టి ముందు ఇల్లు ఖాయం చేసుకుని, ఆ తర్వాతే అపాయింట్‌మెంట్ తీసుకోండి.