ఫిల్టర్ బెడ్లలో పాత సామగ్రిని వానాకాలానికి ముందే మార్చాలి

సంపాదకులకు నమస్కారాలు.

దిగువ మానేరు నుంచి కాకతీయ కాలువలో వచ్చే నీరు ధర్మసాగర్, వడ్డేపల్లి వంటి చెరువుల్లో నిలిచి, ఫిల్టర్ బెడ్లలో శుద్ధి అయి వరంగల్, హనుమకొండ, కాజీపేట ఇళ్లకు చేరుతుంది. కొత్త పైపులైన్లు, కొత్త ట్యాంకుల గురించి తరచూ వింటున్నాం కానీ, చెరువులో నీటిని అందుకునే తూము గురించి, క్లోరిన్ గది గురించి మాట్లాడేవారు తక్కువ. ఈ ప్రాంతంలోని ఒక ఫిల్టర్ బెడ్‌లో 28 ఏళ్లు ఆపరేటర్‌గా పనిచేసి రిటైరైన వాడిని కనుక ఆ రెండింటి గురించీ రాస్తున్నాను.

తూము దగ్గర నీరు తీసుకునే బావికి వేర్వేరు ఎత్తుల్లో షట్టర్లు పెట్టేది, ఏ కాలంలో ఏ మట్టాన నీరు తేటగా ఉంటే అక్కడి నుంచే తీసుకోవడానికి. మా దగ్గర పై షట్టర్ రాడ్డు తుప్పు పట్టి బిగుసుకుపోయింది. చక్రానికి ఇనుప పైపు తగిలించి ఇద్దరం బలంగా తిప్పినా కదిలేది కాదు. అందువల్ల వరద రోజుల్లో కూడా అడుగు షట్టర్ నుంచి బురద నీరే తోడాల్సి వచ్చేది. పటిక ఎక్కువ కలపాలి, ఫిల్టర్లు మాటిమాటికీ కడగాలి, కడిగిన ప్రతిసారీ శుద్ధి చేసిన నీరే ఖర్చవుతుంది. చెత్తను ఆపే జాలీ కమ్మీలు విరిగిన చోట మేము బైండింగ్ వైరు అల్లాం. ఒక రాత్రి గుర్రపుడెక్క, దానితో పాటు పాత చీర ఒకటి ఆ సందులోంచి దూరి పంపు లోపల తిరిగే ఇంపెల్లర్‌కు చుట్టుకుని మోటారు ఆగిపోయింది. తెల్లారి నల్లా రాక అడిగిన వాళ్లకు ఈ సంగతి ఎవరు చెబుతారు?

క్లోరిన్ విషయం ఇంతకన్నా తీవ్రమైనది. నల్లా చివర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలని భారతీయ ప్రమాణం చెబుతోంది, కనుక అది లేకుండా నీటి సరఫరా సాగదు. అయితే టన్నర్ అనే ఒక్కో పెద్ద క్లోరిన్ సిలిండర్‌లో దాదాపు 900 కిలోల వాయువు ఉంటుంది, అది గాలికన్నా సుమారు రెండున్నర రెట్లు బరువైనది కాబట్టి లీకైతే పైకి పోకుండా నేల వెంబడి పాకుతుంది. గాలిని బయటకు తోడే ఫ్యాను నేలకు దగ్గరగా ఉండాలనేది అందుకే. లీకు మీద నీళ్లు చల్లకూడదు. చల్లితే ఆమ్లం ఏర్పడి లోహాన్ని తిని రంధ్రాన్ని ఇంకా పెద్దది చేస్తుంది. మా గదిలో గోడకు వేలాడిన మాస్కుకు, విషవాయువును వడకట్టే డబ్బా మీద ముద్రించిన గడువు ఎప్పుడో దాటిపోయింది. తనిఖీకి వచ్చినవారు మాస్కు ఉందా అని చూసేవారే గాని, డబ్బా తిప్పి తేదీ చదివినవారు లేరు. పైగా పెద్ద లీకులో ఆ రకం మాస్కు చాలదు, గాలి సిలిండర్‌ను వీపున కట్టుకునే శ్వాస పరికరమే కావాలి. ఒకప్పుడు ఊరి బయట కట్టిన ఈ బెడ్ల చుట్టూ ఇప్పుడు కాలనీలు వెలిశాయి. రాత్రి షిఫ్టులో ఒంటరిగా ఉండే కుర్రాడి ప్రాణంతో పాటు ఆ ఇళ్లవాళ్ల క్షేమం కూడా ఆ గదిలోని వాల్వులు, వాషర్లు, లీకును పసిగట్టే పరికరం మీదే ఆధారపడి ఉంది.

కాబట్టి నా విన్నపం ఇది. ప్రతి ఫిల్టర్ బెడ్‌లో ఏ పరికరం ఎప్పుడు బిగించారు, దాని గడువు ఎప్పటికి తీరుతుంది అనేది ఒక రిజిస్టరులో రాసి ఉంచాలి. చెడిపోయాక రిపేరుకు కాకుండా, గడువు తీరకముందే మార్చడానికి ఏటా విడిగా నిధులు కేటాయించాలి. తూము షట్టర్లు, జాలీలు మార్చాలంటే చెరువు మట్టం తగ్గే ఏప్రిల్, మే నెలలే అనువు. అంచనాలు, టెండర్లు డిసెంబరు నాటికి ముగియకపోతే ఆ రెండు నెలలూ చేజారి, పని మరో ఏడాదికి పోతుంది. మాస్కులు, శ్వాస పరికరాల కోసం మాత్రం ఎండాకాలం దాకా ఆగవలసిన అవసరం లేదు, వాటిని ఈ నెలలోనే కొనవచ్చు.

– విశ్రాంత ఫిల్టర్ బెడ్ ఆపరేటర్, హనుమకొండ